రెండు గంటలకు క్లాసు, మూతలు పడే కళ్లు

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, హాస్టల్లో ఉంటున్నావు. మధ్యాహ్నం రెండు గంటలకు కెమిస్ట్రీ. సారు పుస్తకం చూస్తూ చదువుకుంటూ పోతారు, పది నిమిషాలు గడిచేసరికి నీ కళ్లు మూతలు పడతాయి. చేయి గిల్లుకున్నావు, ముఖం కడుక్కున్నావు, పుదీనా బిళ్ల చప్పరించావు. ఏదీ ఐదు నిమిషాలకు మించి పనిచేయలేదు. చివర్లో "నాకు అసలు చదువు మీద శ్రద్ధ లేదేమో" అని రాశావు. ముందు ఆ వాక్యం కొట్టేయి. శ్రద్ధ లేని పిల్ల తన నిద్ర గురించి ఇంత వివరంగా రాసి అడగదు.

నేను 28 ఏళ్లు జూనియర్ కళాశాలల్లో రసాయన శాస్త్రం చెప్పాను. మధ్యాహ్నం పీరియడ్లు ఎక్కువగా నాకే పడేవి. నల్లబల్ల దగ్గర నిలబడితే తరగతి మొత్తం కనిపిస్తుంది. ఎవరి తల ఎప్పుడు వాలుతోందో ఆ పిల్లలకు తెలియదు కానీ మాకు తెలుస్తుంది. అన్నేళ్లు చూశాక నాకు అర్థమైంది ఇది. నువ్వు ఒకే సమస్య అనుకుంటున్నది నిజానికి రెండు. నిద్ర ఒకటి, విసుగు ఇంకొకటి. విసుగు నిద్రను పుట్టించదు. ఒంట్లో అప్పటికే దాగి ఉన్న నిద్రను బయటపెడుతుంది, అంతే. రాత్రి కడుపునిండా నిద్రపోయిన పిల్ల విసుగు క్లాసులో కిటికీలోంచి చూస్తుంది, పెన్ను మూత తీసి పెడుతుంది, పక్కపిల్లతో గుసగుసలాడుతుంది. నిద్ర మాత్రం పోదు. నిద్ర చాలని పిల్లే పోతుంది. కాబట్టి మొదటిదానికి మందు క్లాసు బయట ఉంది, రెండోదానికి క్లాసులోనే ఉంది. ఒకదాని మందు ఇంకొకదానికి వేస్తే పనిచేయదు. గిల్లుకోవడం అలాంటిదే.

ఈ తేడా నాకు ఒక నోటుపుస్తకం నేర్పింది. కోనసీమలో పనిచేసేటప్పుడు మూడో బల్ల మీద ఒక కుర్రాడు కూర్చునేవాడు. రోజూ నిద్రపోయేవాడు, రోజూ నేను కోప్పడేదాన్ని. ఒకసారి పుస్తకాలు దిద్దుతుంటే అతనిది చేతికి వచ్చింది. తారీఖు ఉంది, పాఠం పేరు ఉంది, దాని కింద స్కేలుతో రెండు గీతలు కొట్టాడు. మొదటి ఆరు పంక్తులు ముత్యాల్లా ఉన్నాయి. ఏడో పంక్తిలో "ఎలక్ట్రాన్" అని మొదలుపెట్టిన మాట "ట్రా" దగ్గర పక్కకు వాలింది. అక్కడి నుంచి పెన్ను ఏటవాలుగా జారుతూ కిందికి వెళ్లి ఆగిపోయింది. తర్వాత రెండు పంక్తులు ఖాళీ. మళ్లీ "కాబట్టి" అని మొదలైంది. ఏం జరిగింది కాబట్టో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. పేజీ తిప్పితే మళ్లీ అదే గీత, అదే ఖాళీ. పిలిచి నెమ్మదిగా అడిగితే తెలిసింది, తెల్లవారుజామున మూడున్నరకు లేచి నాలుగిళ్ల పాలు సేకరించి కేంద్రంలో పోసి కాలేజీకి వస్తాడట. నెలల తరబడి నేను కోప్పడింది ఒక నేరం చేయని పిల్లవాడి మీద. ఆ రోజు నుంచి నా తరగతిలో ఎవరు కునికినా మొదట అడిగే ప్రశ్న మారింది, "రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావు?" అని.

నిన్నూ అదే అడుగుతున్నాను. నువ్వు రాసిన లెక్కే తీసుకుందాం. రాత్రి చదువు 10:30 దాకా. కబుర్లు, స్నానం అయ్యి పక్క మీదికి చేరేసరికి 11. తెల్లవారి 4:45కు గంట కొడతారు. పడుకోగానే నిద్ర పట్టినా ఐదు గంటల నలభై అయిదు నిమిషాలు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2016లో ఖరారు చేసింది. తక్కువలో తక్కువ 8 పెట్టుకున్నా రోజుకు రెండుంపావు గంటల లోటు. ఆరు రోజులకు పదమూడున్నర గంటలు, అంటే దాదాపు రెండు రాత్రుల నిద్ర. ప్రతి శనివారం మధ్యాహ్నం నువ్వు ఆ బాకీతో క్లాసులో కూర్చుంటున్నావు.

లక్ష్మణుడు పద్నాలుగేళ్లు కన్ను మూయకుండా అడవిలో కాపలా కాస్తే, ఆ నిద్రంతా ఇంట్లో ఊర్మిళ పోయిందని మన ఆడవాళ్లు పాటలు కట్టి పాడుకున్నారు. ఆ కథ నాకు ఎందుకు ఇష్టమంటే, నిద్ర మాయం కాదని, ఎవరో ఒకరు తీర్చాల్సిందేనని వాళ్లకు తెలుసు. నీ వంతు నిద్రపోవడానికి ఇంట్లో ఊర్మిళ లేదు. నువ్వే పోవాలి.

నువ్వు రసాయన శాస్త్ర విద్యార్థినివి కాబట్టి లోపల జరిగేది కూడా చెబుతాను. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. నిద్రలోనే అది తగ్గుతుంది. కాఫీ, టీలలోని కెఫీన్ దాన్ని తగ్గించదు. అడినోసిన్ వచ్చి కూర్చోవలసిన చోట తాను కూర్చుని అడ్డుపడుతుంది, అంతే. ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగిన టీ రాత్రి పదింటికి కూడా సగం పనిలో ఉంటుంది. అందుకే మధ్యాహ్నం క్లాసు కోసం కాఫీ అలవాటు చేసుకోవద్దు. తాగక తప్పదంటే భోజనం లోపే.

దీనికి తోడు నీ వయసు. యుక్తవయసులో శరీర గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్రకు వేళైందని చెప్పే మెలటోనిన్ చిన్నపిల్లల్లో కంటే ఆలస్యంగా విడుదలవుతుంది. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్కడాన్ దీని మీద దశాబ్దాలుగా పనిచేశారు. ఈ విషయం బలపడ్డాకే 2014లో అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ ఉన్నత పాఠశాలలు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టవద్దని చెప్పింది. కాలిఫోర్నియాలో ఏకంగా చట్టమే చేశారు, 2022 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర 4:45 గంటను క్రమశిక్షణ అంటున్నాం. పదహారేళ్ల పిల్లలను ఆ వేళకు లేపి, మధ్యాహ్నం నిద్రపోయారని నిలబెట్టడం న్యాయం కాదని నేను పనిచేసిన ప్రతిచోటా చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

ఇక మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు మధ్య మనిషి మెలకువ సహజంగానే కొంచెం కుంగుతుంది. భోజనం మానేసినా కుంగుతుంది. కాబట్టి తిండి మానేయడం పరిష్కారం కాదు. కానీ పళ్లెం నిండా అన్నం, సాంబారు, పెరుగు తింటే ఆ కుంగుబాటు ఇంకా లోతవుతుంది. రెండో వడ్డనకు అన్నం బదులు పప్పు, కూర, గుడ్డు ఉంటే గుడ్డు వేసుకో. తగ్గించిన ఆ పిడికెడు అన్నం సాయంత్రం నాలుగింటికి పల్లీలతోనో అరటిపండుతోనో భర్తీ చేసుకో.

హాస్టల్ వేళలు నీ చేతిలో లేవని తెలుసు. అయినా నీ చేతిలో ఉన్న నిమిషాలు కొన్ని ఉన్నాయి. 10:30కి పుస్తకం మూసి 10:40కల్లా పడుకో. స్నానం ముందే చేసేయి. కబుర్లకు పోయే ఆ ఇరవై నిమిషాలు ఆరు రోజుల్లో రెండు గంటలు అవుతాయి. భోజన విరామంలో బల్ల మీద చేతులు ముడిచి తల పెట్టి పదిహేను నిమిషాలు కళ్లు మూసుకో. నిద్ర పట్టకపోయినా ఫరవాలేదు. లేపమని ఒక స్నేహితురాలికి చెప్పు. ఇరవై నిమిషాలు దాటనివ్వద్దు, దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక తల మరింత బరువెక్కుతుంది. లేచాక ముఖం కడుక్కుని ఎండలో నాలుగు అడుగులు వేసి క్లాసుకు వెళ్లు. వెలుతురు, నడక రెండూ శరీరానికి పగలని గుర్తుచేస్తాయి. ఆదివారం ఒకటి, ఒకటిన్నర గంటలు ఎక్కువ పడుకో, కానీ పది దాకా పడుకోవద్దు. ఆ రాత్రి నిద్ర పట్టక సోమవారం మొదటికి వస్తుంది.

పాల కుర్రాడికి నేను చేసింది కూడా ఇంతే. ఒంటిగంటన్నరకు ల్యాబ్ తలుపు తీసి ఉంచేదాన్ని. పదిహేను నిమిషాలు అక్కడ తల వాల్చుకునేవాడు. వాళ్ల నాన్నతో మాట్లాడితే వారంలో రెండు రోజులు ఆయనే పాలకు వెళ్లడానికి ఒప్పుకున్నారు. మీరు కూడా పదిమంది కలిసి వార్డెన్ దగ్గరికి వెళ్లి, ఉదయం గంటను అరగంట ఆలస్యంగా కొట్టమని అడగండి. ఒక్కదానివి అడిగితే సాకు అంటారు, పదిమంది అడిగితే వింటారు. ఆదివారం అమ్మానాన్నలు వచ్చినప్పుడు మార్కుల గురించి చెప్పేముందు ఈ నిద్ర లెక్క చెప్పు. చాలామంది తల్లిదండ్రులకు ఆ అంకె తెలియదు.

గది సంగతి ఒక్క మాట. బయటి గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అరవై మంది కూర్చుని తలుపులు మూసిన ఏసీ గదిలో అది సులువుగా వెయ్యి దాటుతుంది. తల మొద్దుబారడానికి అదీ ఒక కారణం. క్లాసు మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు కిటికీలు, తలుపులు బార్లా తెరిచే పని నువ్వే పెట్టుకో.

ఇప్పుడు విసుగు. నాకు చెప్పాలని ఎక్కువ ఉన్నది దీని గురించే.

మన పెద్దలు విద్యార్థి లక్షణాలు చెప్పే శ్లోకం ఒకటి వినే ఉంటావు, కాకచేష్టా బకధ్యానం శ్వాననిద్రా తథైవచ అని. శ్వాననిద్ర అంటే తక్కువ పడుకోమని కాదు. కుక్క రోజులో దాదాపు సగం నిద్రలోనే గడుపుతుంది, చప్పుడైతే చటుక్కున లేస్తుంది, అదీ దాని గొప్ప. నాకు నచ్చేది బకధ్యానం. చెరువు గట్టున కొంగను ఎప్పుడైనా చాలాసేపు చూశావా? ఒంటికాలి మీద కదలకుండా నిలబడుతుంది. మనకు నీళ్లను చూస్తున్నట్టు ఉంటుంది. అది చేప కోసం చూస్తోంది. చేప వస్తుందన్న ఆశ లేకపోతే కొంగ అక్కడ నిలబడదు. క్లాసులో నువ్వు నీళ్లను చూస్తున్నావు. అందుకే కళ్లు మూతపడుతున్నాయి.

ఊరికే చూస్తూ ఉండటం ఎవరి వల్లా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు గంటల తరబడి కూర్చున్న సైనికులు శత్రు జాడలను ఎందుకు వదిలేస్తున్నారో తెలుసుకోవడానికి బ్రిటన్‌లో నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం తయారుచేశాడు. దాని ముల్లు ఒక్కో అడుగు వేస్తూ, ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. ఆ దూకుడును గమనించడమే పని. 1948లో ఆయన ప్రచురించిన ఫలితాల ప్రకారం మొదటి అరగంటకే చాలామంది దూకుళ్లు వదిలేయడం మొదలుపెట్టారు. ప్రాణాలు ఆధారపడిన పనికి తర్ఫీదు పొందినవాళ్ల పరిస్థితే అది. పదహారేళ్ల పిల్ల గంటసేపు చదివింపు వింటూ చెదరకుండా ఉండాలనడం ఎంత అన్యాయమో ఆలోచించు.

కాబట్టి నీకు చేప కావాలి. అంటే ప్రశ్న. సారు రాకముందు రెండు నిమిషాలు చాలు. ఆ రోజు పాఠం తెరిచి పెద్దక్షరాల శీర్షికలు మాత్రం చదివి, నోటుపుస్తకం ఎడమ పక్క గీత కొట్టి వదిలిన జాగాలో రెండు ప్రశ్నలు రాసుకో. తర్వాత సారు ప్రతి కొత్త విషయం చెప్పేముందు నీ ఊహ ఒకటి ఎడమ పక్క రాయి. సారు చెప్పింది నీ ఊహతో కలిస్తే టిక్కు, కలవకపోతే ఇంటూ.

ఒక ఉదాహరణ చూపిస్తాను. ఆవర్తన పట్టిక పాఠం అనుకో. పీరియడ్‌లో, అంటే పట్టికలోని ఒక అడ్డువరుసలో, ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ పరమాణు వ్యాసార్థం తగ్గుతుందని సారు చదివారు. అక్కడే ఆగి ఊహించు. పరమాణువు చిన్నదైతే బయటి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దగ్గరవుతుంది, పీకడం కష్టమవుతుంది, కాబట్టి పీకడానికి కావాల్సిన శక్తి, అంటే అయనీకరణ శక్తి, పెరగాలి. రాసుకున్నావు. సారు పెరుగుతుందన్నారు. టిక్కు. ఇప్పుడు ఇంకో అడుగు. కార్బన్ కంటే నైట్రోజన్‌కు ఎక్కువ, నైట్రోజన్ కంటే ఆక్సిజన్‌కు ఇంకా ఎక్కువ ఉండాలి. రాసుకున్నావు. సారు అంకెలు చదివారు, నైట్రోజన్‌కు మోల్‌కు 1402 కిలోజౌళ్లు, ఆక్సిజన్‌కు 1314. తగ్గింది! నీ ఊహ తప్పింది. ఆ క్షణంలో నీ ముఖం చూడాలని ఉంటుంది నాకు. నైట్రోజన్‌లో మూడు పీ ఆర్బిటాళ్లలో, అంటే ఎలక్ట్రాన్లు ఉండే గదుల్లాంటి చోట్లలో, ఒక్కొక్క ఎలక్ట్రాన్ సమంగా ఉన్నాయని, ఆక్సిజన్‌లో నాలుగోది వచ్చి ఒక దానిలో జతపడి ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయని, అందుకే ఒకటి తేలికగా ఊడుతుందని సారు ఎంత నీరసంగా చదివినా నువ్వు వింటావు. నీ లెక్క ఎక్కడ తప్పిందో తెలుసుకోవాలి కదా. తప్పిన ఊహ కంటే మెలకువ తెచ్చేది నేను చూడలేదు. ఇంటూ పడినచోటే పాఠం గుర్తుంటుంది కూడా.

నోట్సు విషయంలో, విన్న ప్రతి మాటా రాయవద్దు. చేయి రాస్తూ ఉంటుంది, తల పడుకుంటుంది. వాక్యం విని, తలెత్తి, నీ మాటల్లో సగానికి కుదించి రాయి. సారు మాట పొల్లు పోకుండా రాయమనే మనిషైతే కుడి పక్క ఆయన చెప్పింది రాసి, ఎడమ పక్క నీ ప్రశ్నలు పెట్టుకో. వినడమే తప్ప రాయడానికి ఏమీ లేని సమయంలో పేజీ అంచున చిన్న చతురస్రాలు గీసి నింపినా తప్పు లేదు. 2009లో ఇంగ్లండ్‌లో జాకీ ఆండ్రేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నలభై మందికి విసుగు పుట్టించే ఫోను సందేశం వినిపించి, సగం మందిని వింటూ ఆకారాలకు రంగు నింపమన్నారు. వాళ్లే 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. కాకపోతే అది ఆలోచన అక్కర్లేని గీత కావాలి. నెమలి బొమ్మ మొదలుపెడితే మనసు నెమలి మీదికి పోతుంది.

గంట కొట్టాక పుస్తకం మూసి, ఆ క్లాసులో విన్నవి మూడు విషయాలు చూడకుండా రాయి. ఒక్క నిమిషం పని. చూసి మళ్లీ మళ్లీ చదివింది కంటే చూడకుండా గుర్తుచేసుకున్నది వారం తర్వాత ఎక్కువ నిలుస్తుంది. మూడు రాయాలని తెలిసినప్పుడు క్లాసులోనే వాటికోసం వెతుకుతావు.

మీ సారు గురించి కూడా చెప్పాలి. పుస్తకం చదివి వినిపించడం పాఠం చెప్పడం కాదు. ఇన్నేళ్లు అదే పని చేసినదాన్ని కాబట్టి ఈ మాట అనగలను. కానీ ఆయనా రోజుకు ఐదారు సెక్షన్లకు అదే పాఠం చెప్పి అలసిపోయి ఉండవచ్చు. రోజుకు ఒక్క ప్రశ్న అడుగు, ఎడమ పక్క ఇంటూ పడినదే అడుగు. "సార్, ఆక్సిజన్‌కు ఎందుకు తగ్గింది?" అని ఒక పిల్ల అడిగితే చదువుతున్న పుస్తకం దించి బల్ల దగ్గరికి వెళ్లని ఉపాధ్యాయులు తక్కువ. ఇంకొకటి, క్లాసు బయట స్టాఫ్ రూములో ఆయన్ను కలిసి, "నిద్ర వస్తే వెనక నిలబడి రాసుకుంటాను సార్" అని ముందే అనుమతి తీసుకో. నన్ను అలా అడిగిన ఏ పిల్లకూ కాదనలేదు.

రెండు వారాలు నిద్ర సరిగ్గా పోయినా ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. ముఖ్యంగా రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసం, పాలిపోయిన కనురెప్పల లోపలి భాగం, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే మందు వాడాలి. వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు పారేయవద్దు. బోర్డు మీది అక్షరాలు మసకగా ఉండి కళ్లు చిట్లిస్తున్నావేమో చూసుకో. కళ్లజోడు కావాల్సిన పిల్లలు కళ్లు మూసుకుంటే నిద్ర అనుకుని కోప్పడటం నేను చాలాసార్లు చూశాను. జలుబు మాత్రలు వాడుతుంటే వాటిలో కొన్ని నిద్ర తెస్తాయి. పెద్దగా గురక పెడతావని పక్క మంచం పిల్లలు అంటున్నా, మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోతున్నా, నవ్వితే మోకాళ్లు ఒక్కసారిగా పట్టు తప్పుతున్నా ఆలస్యం చేయకుండా చూపించుకో.

రేపటి నుంచే మొదలుపెట్టు. ముందుగా నా నుంచి ఒక ప్రశ్న తీసుకో. అదే పీరియడ్‌లో బెరీలియం నుంచి పక్కనే ఉన్న బోరాన్‌కు వెళ్తే అయనీకరణ శక్తి పెరుగుతుందా, తగ్గుతుందా? పుస్తకం తెరవకుండా ఊహించి, కారణంతో సహా ఎడమ పక్క రాసుకో. తర్వాత పట్టిక చూసి టిక్కు పడిందో ఇంటూ పడిందో నాకు రాయి.